ఎంజైము ఎప్పుడు ఆయుధమవుతుంది?

(ఆచార్య పొదిల గోపీకృష్ణ స్మృతికి అంకితం చేసిన స్మారకోపన్యాస పాఠం)

శిలీంధ్రాలు మొక్కల్లోకి ఎలా చొరబడతాయన్న ప్రశ్న మీద పనిచేసిన తెలుగు శాస్త్రవేత్త పొదిల గోపీకృష్ణ. అమెరికాలో హంట్స్‌విల్ నగరంలోని అలబామా విశ్వవిద్యాలయంలో జీవశాస్త్ర విభాగానికి అధిపతిగా ఉండగా, 2010 ఫిబ్రవరి 12న విభాగ సమావేశంలో జరిగిన కాల్పుల్లో మరో ఇద్దరు సహాధ్యాపకులతో పాటు ఆయన మరణించారు. తెలుగు పత్రికలు చదివేవారిలో చాలామందికి ఆయన పేరు ఆ వార్తతోనే తెలిసింది. ఆయన చేసిన పని మాత్రం మన చేలకు చాలా దగ్గరిది. ఆ పని ఏమిటో, అది లేవనెత్తిన వాదం ఎటు తిరిగిందో, కడప జిల్లా కొండాపురం నల్లరేగడిలో పప్పుశనగ వేసే రైతుకు దానితో ఏం పనో ఈ గంటలో చెప్పడమే ఆయనకు నేను చేయగల స్మరణ.

అక్టోబరు, నవంబరు నెలల్లో ఇక్కడ పప్పుశనగ విత్తుతారు. తర్వాత ఆకాశం ఒక తడి ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటే రేగడి దాచుకున్న పదునుతోనే పంట గట్టెక్కాలి. మూడు నాలుగు వారాలకు చేలో అక్కడక్కడ మొక్కలు వాడి, తలలు వేలాడేస్తాయి. పీకి, మొదలును నిలువునా చీలిస్తే నడుమ గోధుమరంగు గీత కనిపిస్తుంది. ఎండు తెగులు అంటాం. దాన్ని తెచ్చింది ఫ్యుజేరియం ఆక్సిస్పోరం అనే శిలీంధ్రం. శిలీంధ్రానికి నోరు లేదు, పొట్ట లేదు. ఆహారాన్ని లోపలికి తీసుకొని అరిగించుకోలేదు కాబట్టి బయటే అరిగించి, కరిగిన దాన్ని పీల్చుకుంటుంది. అందుకోసం అది ఒంటి నుంచి వదిలే ప్రొటీన్లే ఎంజైములు. కళ్ళంలో మిగిలిన శనగ పొట్టును ఎరువుగా మార్చేవీ, బతికున్న వేరును కుళ్ళబెట్టేవీ చాలావరకు ఒకే జాతి ఎంజైములు. మరి ఒకచోట జీవనోపాధిగా ఉన్నది ఇంకోచోట ఆయుధం ఎట్లా అయింది? తెగులు ఎంత గట్టిగా దెబ్బ తీయగలదో దాన్ని ఈ ఉపన్యాసంలో ఉగ్రత అంటాను. నా వాదం ఇది: ఒక ఎంజైము ఉన్నంత మాత్రాన ఉగ్రత రాదు. అది ఏ వేళకు, ఏ చోట, ఏ వరుసలో, ఏ తోడుతో విడుదలవుతుందన్నదాంట్లో ఉగ్రత ఉంది. ఈ మాట ఒప్పుకుంటే చేలో మన పని కూడా మారుతుంది.

ఎంజైములకు నేరం అంటగట్టిన మొదటి సాక్ష్యం పాతది. 1886లో జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ స్క్లెరొటీనియా అనే శిలీంధ్రం కుళ్ళబెట్టిన క్యారెట్ల రసం పిండి చూశాడు. ఆ రసంలో శిలీంధ్రం లేకపోయినా అది మంచి ముక్కల కణకవచాలను కరిగించింది. మరిగిస్తే ఆ శక్తి పోయింది. వేడికి చచ్చే, ప్రాణం లేని పదార్థమే కుళ్ళుకు కారణమని దాంతో తేలింది. మొక్క కణం చుట్టూ ఉండే కవచం ఒక గోడ లాంటిది. సెల్యులోజు దారాలు దానికి కట్టెలు, నడుమ పెక్టిన్ అడుసు. ఆకుల మీద, కాయల మీద ఇంకా పైన క్యూటిన్ అనే మైనపు పొర ఉంటుంది. పెక్టిన్‌ను కోసే పాలీగెలాక్ట్యురొనేజులు, క్యూటిన్‌ను కోసే క్యూటినేజు, సెల్యులేజులు, ప్రొటియేజులు అంటూ ఇరవయ్యో శతాబ్దంలో ఒక్కొక్క గోడకు ఒక్కొక్క గునపం బయటపడింది. అయితే కుళ్ళిన చోట ఎంజైము దొరికిందంటే అదే కుళ్ళబెట్టిందని రుజువైనట్టు కాదు. నేరం జరిగాక అక్కడికి వచ్చినవాళ్ళూ ఉంటారు.

ఆ రుజువును వెతికినవారిలో పాప్పచ్చన్ కొలట్టుకుడి ప్రముఖుడు. కేరళలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఆయన, క్యూటినేజును అడ్డుకునే పదార్థాలు కలిపితే ఫ్యుజేరియం సొలాని బఠాణీలోకి దూరలేదని 1979లోనే చూపాడు. ఆయన బృందంలో చేరిన గోపీకృష్ణ 1988లో మార్టిన్ డిక్‌మన్, కొలట్టుకుడిలతో కలిసి సైన్స్ పత్రికలో ఒక ముఖ్యమైన సంగతి వెల్లడించారు. శిలీంధ్ర కణాల నుంచి వేరుచేసిన కేంద్రకాల దగ్గర క్యూటిన్ ముక్కలు చేర్చితే, క్యూటినేజు జన్యువు మేలుకుంది. అంటే శిలీంధ్రం దగ్గర కొద్దిపాటి ఎంజైము ఎప్పుడూ ఉంటుంది. అది ఆకు మీద పడి పొరను కాస్త గీకి, రాలిన ముక్క రుచి చూస్తుంది. తాను మొక్క మీద ఉన్నానని ఆ రుచితో తెలుసుకున్నాకే అసలు ఉత్పత్తి మొదలుపెడుతుంది. ఈ సంగతి నాకు ఆ తర్వాతి ఫలితం కంటే కూడా విలువైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటే ఎంజైమును వేళతో, చోటుతో ముడిపెట్టిన తొలి సాక్ష్యాల్లో ఇది ఒకటి.

తర్వాతి ఫలితం 1989లో నేచర్ పత్రికలో వచ్చింది. బొప్పాయిని ఆశించే మైకోస్ఫెరెల్లా అనే శిలీంధ్రం ఒకటుంది. కాయకు గాయమైతే తప్ప లోపలికి పోలేదు. డిక్‌మన్, గోపీకృష్ణ, కొలట్టుకుడి ఆ శిలీంధ్రంలోకి ఫ్యుజేరియం నుంచి క్యూటినేజు జన్యువును చేర్చారు. గాయం కోసం కాచుకొని ఉండే శిలీంధ్రం ఇప్పుడు నున్నటి కాయను సైతం పట్టుకుంది. క్యూటినేజును బంధించే ప్రతిరక్షకాలు పూస్తే మళ్ళీ ఆగిపోయింది. ఒక్క జన్యువు చేర్చితే వచ్చింది, దాని ఫలాన్ని అడ్డుకుంటే పోయింది. రెండువైపులా తూచిన ఇటువంటి రుజువు ఆనాటికి మొక్కల తెగుళ్ళ శాస్త్రంలో అరుదు.

ఇక్కడే మొదటి గట్టి అభ్యంతరం వచ్చింది. 1992లో జర్మనీలో స్టాల్, షేఫర్ బఠాణీ ఫ్యుజేరియంలో క్యూటినేజు జన్యువునే తుడిచేశారు. శిలీంధ్రం తెగులు తేవడం మానలేదు. అదే ఏడాది వరి అగ్గితెగులు శిలీంధ్రంలోనూ ఒక క్యూటినేజు జన్యువు తీసేస్తే తేడా రాలేదు. అంతకు రెండేళ్ళ ముందు మొక్కజొన్న తెగులు శిలీంధ్రంలో పెక్టిన్ కోసే ఒక ఎంజైము తీసేసినా అదే కథ. ఇది చూసి కొందరు, ఎంజైములు శిలీంధ్రానికి తిండి సంపాదించే పనిముట్లే గాని ఆయుధాలు కావన్నారు. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. జన్యువు తీసి చూడటం కంటే నేరుగా అడిగే ప్రశ్న జీవశాస్త్రంలో లేదు. కాని దానికి వచ్చిన జవాబును ఎలా చదవాలో జాగ్రత్తగా ఆలోచించాలి. 1994లో కొలట్టుకుడి బృందం బఠాణీ ఫ్యుజేరియంలో మరో రకాన్ని తీసుకొని అదే జన్యువును భంగపరిస్తే ఉగ్రత తగ్గింది. అగ్గితెగులు శిలీంధ్రంలో కూడా మొదట చూసిన జన్యువు కాక ఇంకొక క్యూటినేజు ముఖ్యమని 2007లో తేలింది. ఒక శిలీంధ్రం దగ్గర పెక్టిన్ కోసే ఎంజైములు పది రకాలుంటే ఒకటి పీకి పారేసినప్పుడు తక్కిన తొమ్మిది పని అందుకుంటాయి. పదిమంది కోతగాళ్ళలో ఒకరు రాకపోయినా చేను కోత ఆగదు. అంతమాత్రాన కొడవలి అక్కర్లేదని అంటామా?

అందుకే ఒకటొకటి కాక అన్నింటినీ ఒకేసారి అదుపుచేసే జన్యువు మీద చేయి వేసిన ప్రయోగమే తీర్పునిచ్చిందని నా అభిప్రాయం. 2000లో అదే మొక్కజొన్న శిలీంధ్రంలో టొనుకారి, స్కాట్‌క్రెయిగ్, వాల్టన్ ఎస్‌ఎన్‌ఎఫ్1 అనే అదుపు జన్యువును పనిచేయనీయకుండా చేశారు. గోడలు కోసే ఎంజైముల ఉత్పత్తి ఒక్కసారిగా పడిపోయింది, శిలీంధ్రం ఉగ్రతా పడిపోయింది. ఇక్కడ ఒక న్యాయమైన సందేహం ఉంది. అదుపు జన్యువు వేరే పనులు కూడా చేస్తుంది కదా, వాటి లోటే కారణం కావచ్చు కదా అని. అవును, కావచ్చు. అందుకే ఒక్క ఎంజైము తీసివేతతో వచ్చిన సాక్ష్యాలను కూడా దాని పక్కన ఉంచి చూడాలి. బొట్రైటిస్ అనే శిలీంధ్రంలో ఒక్క పాలీగెలాక్ట్యురొనేజు పోయినా ఉగ్రత తగ్గింది. పత్తిలో మరింత స్పష్టంగా కనిపించింది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ మన వేరుశనగ బుడ్డల్లో అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పోసేది. పత్తికాయలోనూ చేరుతుంది. ఆ శిలీంధ్రంలో పి2సి అనే పాలీగెలాక్ట్యురొనేజు ఉన్న రకాలు కాయలో ఒక గది నుంచి పక్క గదికి సులువుగా పాకుతాయి, లేని రకాలు పాకలేవు. 1997లో అమెరికా శాస్త్రవేత్తలు ఆ జన్యువు లేనిదానికి ఇచ్చి చూశారు, ఉన్నదాని నుంచి తీసి చూశారు. పాకడం ఒకచోట పెరిగింది, ఒకచోట తగ్గింది. కాయలోకి చేరడానికి పురుగు చేసిన రంధ్రం చాలు. లోపల గోడ దాటడానికి మాత్రం ఆ ఎంజైము కావాలి. వేళ, చోటు అని నేనన్నది ఇదే.

ఇక తోడు సంగతి. జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో బుడ్డల చేలు చూసినవారందరికీ మొదలుకుళ్ళు తెలుసు. మొదలు దగ్గర తెల్లటి దూదిలాంటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి చిన్న గడ్డలు. అది స్క్లెరోషియం రాల్ఫ్‌సి. ఇది పెక్టిన్‌ను కోసే ఎంజైముతో పాటు ఆక్సాలిక్ ఆమ్లాన్ని కూడా విపరీతంగా వదులుతుంది. ఆ రెండూ ఒకేసారి పుట్టి ఒకదానికొకటి బలమిస్తాయని బేట్‌మన్, బీర్ 1965లో చూపారు. ఎలాగంటే, కణకవచంలో పెక్టిన్ పోగులను కాల్షియం కుట్టి ఉంచుతుంది. కుట్టు ఉన్నంతసేపు ఎంజైము కోత సరిగ్గా పడదు. ఆక్సాలిక్ ఆమ్లం ఆ కాల్షియాన్ని పట్టి లాగేస్తుంది. పైగా ఆ చుట్టుపక్కల పులుపు పెంచి, ఆ ఎంజైము బాగా పనిచేసే మోతాదుకు తెస్తుంది. ఎంజైము ఒక్కటే అయితే సగం పని. ఆమ్లం ఒక్కటే అయితే కణాలు చస్తాయేమో గాని గోడ నిలుస్తుంది. రెండూ కలిస్తే వారంలో మొక్క పడిపోతుంది. శాస్త్రంలో ఇంత చక్కగా అమరిన విషయాలు తక్కువ. అందులోనూ ఇది మన చేలోనే ఉంది. బుడ్డలకు పూత దశలో, ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమని వ్యవసాయ శాఖ చెబుతూనే ఉంది. గింజ గట్టిపడడానికి అని రైతు వేస్తాడు, అది నిజం. అదే జిప్సంలోని కాల్షియం కాయ గోడలోని పెక్టిన్‌కూ కుట్టు వేస్తుంది. కాల్షియం చాలని నేలల్లో కాయకుళ్ళు ఎక్కువన్న అనుభవానికి కారణం ఇక్కడ ఉంది. జిప్సం తెగులుమందని నేను చెప్పడం లేదు. మొదలుకుళ్ళు వచ్చిన చేలో జిప్సం చల్లితే తగ్గిపోతుందని ఎవరైనా అంటే నమ్మవద్దు. తెగులు రాకముందే ఎంజైముకు దొరకని గోడ కట్టుకోవడం వేరు, వచ్చాక మందు వేయడం వేరు.

పప్పుశనగకు తిరిగి వద్దాం. మొక్క ఊరికే పడి ఉండదు. శిలీంధ్రం తాకగానే శనగ మాకియైన్, మెడికార్పిన్ అనే విషాలను పుట్టిస్తుంది. వాటిని విరగ్గొట్టే ఎంజైము ఉన్న శిలీంధ్రానికి దారి తెరుచుకుంటుంది. ఫ్యుజేరియం సొలాని జాతిలోని నెక్ట్రియా హీమటొకోకాలో ఎంఎకె1 అనే జన్యువు ఉంటే అది మాకియైన్‌ను విషం కాకుండా చేస్తుంది. ఆ జన్యువు ఉన్నప్పుడు శనగ మీద ఉగ్రత ఎక్కువని 1998లో ఎంకెర్లి, భట్, కోవర్ట్ చూపారు. గోడ కోసే ఎంజైముల్లో ఒకదాని చోటికి ఇంకొకటి రాగలదు. విషాన్ని విరగ్గొట్టే ఎంజైముకు అటువంటి బదులు దొరకడం కష్టం, కనుక ఇక్కడ ఒక్క జన్యువు లెక్క సూటిగా తేలింది. ఇటువైపు మొక్క ఆడే ఆట కూడా అంతే చూడదగ్గది. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో హవారే, నేనే 1982లో ఎండు తెగులు శిలీంధ్రంలో నాలుగు తెగలను గుర్తించారు. వాటిలో మొదటిది హైదరాబాదుది. ఆ తెగను తట్టుకునే శక్తి శనగలో మూడు జన్యువుల మీద ఆధారపడి ఉందని తర్వాత తెలిసింది. వాటిలో ఏ ఒక్కటి ఉన్నా మొక్క చావదని కాదు, ఆలస్యంగా చస్తుంది. ఏ రెండు కలిసినా పూర్తిగా నిలుస్తుంది. ఈ లెక్కను నేను ఇలా చదువుతాను: శిలీంధ్రం దారువులోకి చేరేలోపు మొక్క నాళాలకు బిరడాలు వేసుకోగలిగితే గెలుస్తుంది, లేకుంటే ఓడుతుంది. ప్రతి జన్యువూ కొన్ని రోజులు కొనిపెడుతుంది. ఎంజైము వేగానికీ మొక్క వేగానికీ మధ్య పందెమే తెగులు.

ఆ పందెంలో మన రైతు పక్షాన నిలిచిన గొప్ప రకం జేజీ 11. ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి 1999లో విడుదల చేసిన ఈ రకం ఎండు తెగులును తట్టుకొని, అంతవరకు వేసిన అన్నెగిరి రకాన్ని రాయలసీమ రేగడి నేలల నుంచి చాలావరకు తప్పించింది. నంద్యాల పరిశోధన స్థానం ఆ తర్వాత యంత్రంతో కోయగల ఎన్‌బీఈజీ 47 వంటి రకాలను ఇచ్చింది. కర్నూలు, ప్రకాశం, కడప జిల్లాల్లో పప్పుశనగ ఇంత పంటగా నిలబడటంలో ఈ తట్టుకునే శక్తి పాలు పెద్దది.

రెండో అభ్యంతరం మొదటిదానికంటే లోతైనది. 2010లో ఫ్యుజేరియం ఆక్సిస్పోరం జన్యుపటం వెలువడినప్పుడు ఒక వింత బయటపడింది. టమాటాకు తెగులు తెచ్చే రకం నుంచి ఒక క్రోమోజోము నిరపాయకరమైన రకంలోకి చేరితే, అది కూడా టమాటాను చంపసాగింది. మామూలు ఎంజైములు నిరపాయకరమైనదానిలో ముందునుంచే ఉన్నాయి. కొత్తగా వచ్చినవి మొక్క రక్షణను మభ్యపెట్టే చిన్న చిన్న ప్రొటీన్ల జన్యువులు. వాటినే ఎఫెక్టర్లు అంటారు. కాబట్టి ఉగ్రత అంతా ఎఫెక్టర్లదే, ఎంజైములు కూలీలు మాత్రమే అన్న వాదం బలపడింది. ఇందులో నిజముంది. కాని ఎఫెక్టరు, ఎంజైము అని రెండు గాటలు కట్టి పశువులను విడదీసినట్టు విడదీయడం కుదరదు. ఆ క్రోమోజోము భాగాల్లో గోడలను కోసే, మార్చే ఎంజైముల జన్యువులు కూడా ఉన్నాయి. 2015లో అదే టమాటా ఫ్యుజేరియంలో రెండు ప్రొటియేజులు కలిసి, శిలీంధ్రాన్ని కరిగించడానికి మొక్క వదిలే కైటినేజులను ముక్కలు చేస్తాయని, రెండూ లేకుంటే ఉగ్రత తగ్గుతుందని తేలింది. ఇవి ఎంజైములా, ఎఫెక్టర్లా? రెండూను. మొక్క కూడా ఎంజైముతోనే కొడుతుంది, శిలీంధ్రం ఎంజైముతోనే ఆ దెబ్బను కాచుకుంటుంది.

ఇంకో కోణం నుంచి అడగవచ్చు. మినుములో, పెసరలో కనిపించే బూడిద తెగులు శిలీంధ్రాల వంటివి గోడలు కోసే ఎంజైములు చాలా తక్కువ ఉంచుకుంటాయి. అయినా పంటను దెబ్బతీస్తాయి. అప్పుడు ఎంజైము సంఖ్యకూ ఉగ్రతకూ సంబంధమేముంది? సంఖ్యతో సంబంధం లేదనే నేనూ అంటున్నాను. ఆ శిలీంధ్రాలు మొక్కను బతికించి దాని నుంచి తింటాయి. గోడను ఎక్కువగా కోస్తే వాటికే నష్టం, ఎందుకంటే తెగిన పెక్టిన్ ముక్కలు మొక్కకు హెచ్చరిక. దొంగ గోడకు కన్నం వేసేటప్పుడు రాలిన మట్టి చప్పుడుకు ఇంట్లోవాళ్ళు మేలుకున్నట్టు, ఆ ముక్కల వల్ల మొక్క తన రక్షణను లేపుతుంది. చిక్కుడు వంటి మొక్కల గోడల్లో శిలీంధ్రపు పాలీగెలాక్ట్యురొనేజును పట్టి నిదానించే ప్రొటీన్లు ఉన్నాయి. అవి ఎంజైమును పూర్తిగా ఆపవు, కోత నెమ్మదించి పెద్ద ముక్కలు మిగిలేలా చేస్తాయి. పెద్ద ముక్కలే పెద్ద హెచ్చరిక. ఈ కథకు చివరి కొస మళ్ళీ గోపీకృష్ణ దగ్గరికే చేరుతుంది. 2008లో నేచర్‌లో వచ్చిన లాకేరియా బైకలర్ జన్యుపటం మీద పనిచేసిన పెద్ద బృందంలో ఆయన ఒకరు. లాకేరియా చెట్ల వేళ్ళతో స్నేహంగా బతికే శిలీంధ్రం. చెట్టుకు మట్టి నుంచి పోషకాలు తెచ్చిస్తుంది, బదులుగా చక్కెర పుచ్చుకుంటుంది. వేరు సందుల్లోకి చొరబడే ఈ శిలీంధ్రం మొక్క గోడలను కోసే ఎంజైముల జన్యువుల్లో చాలావాటిని పోగొట్టుకుంది. ఒక ఎంజైము చేర్చి శత్రువును తయారుచేసిన ప్రయోగంలోనూ, ఎంజైములు వదులుకొని మిత్రుడైన శిలీంధ్రం జన్యుపటంలోనూ ఒకే మనిషి చేయి ఉంది. ఉగ్రత గురించిన ఈ వాదానికి ఇంతకంటే చక్కని రెండు కొసలు నాకు కనపడవు.

మనుషుల జబ్బుల్లో ఇదే తర్కం నడుస్తుందా అంటే కొంతవరకే. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 1991 నుంచి పదేళ్ళలో నిర్ధారించిన శిలీంధ్రపు కంటిపుండ్లను లెక్కిస్తే, మూడోవంతుకు పైగా ఫ్యుజేరియం, ఆ తర్వాత ఆస్పర్జిల్లస్. సగానికి పైగా రోగులకు ముందు కంటికి దెబ్బ తగిలింది. గింజ పొట్టో, ఆకు అంచో గీరుకున్న కన్నే ఎక్కువ. చేలో శనగను చంపే జాతే కంటిలో చేరుతోంది. ప్రయోగశాలలో ఇవి ప్రొటియేజులు వదులుతాయి. అవే కంటి నల్లగుడ్డును కరిగిస్తున్నాయని అనుకోవడం సహజం. కాని అదే సంస్థ 2001లో కుందేళ్ళ కళ్ళ మీద చేసిన పరిశోధనలో, కంటిపొరను తింటున్న ప్రొటియేజుల్లో పెద్ద వాటా శిలీంధ్రంది కాక, దాన్ని తరమడానికి వచ్చిన తెల్లకణాలదీ కంటి కణాలదీ అని సూచనలు దొరికాయి. నిప్పు పెట్టింది శిలీంధ్రమే, ఇల్లు తగలబడింది ఎక్కువగా మన నూనెతోనే. మొక్కలకు చెప్పిన మాటను మనిషికి యథాతథంగా అతికించకూడదని ఈ ఫలితం నన్ను హెచ్చరించింది. అయితే మంటను తగ్గిస్తుందని ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటే, రక్షణ పడిపోయి శిలీంధ్రం లోపలికి పాకుతుంది. కంట్లో ఆకురసం, తల్లిపాలు పోసుకోవడం కూడా అంతే ప్రమాదం. నూర్పిడి రోజుల్లో కళ్ళకు అద్దాలు పెట్టుకొని, గీరుకుపోయిన కన్ను మర్నాటికి ఎర్రబడితే నేరుగా కంటి వైద్యుణ్ణి చూడటమే సరైన దారి.

చివరి మాట వేడి గురించి, ఎందుకంటే కొండాపురానికి రాబోయే కష్టం ఇదే అని నాకు అనిపిస్తుంది. శనగలో ఎండు వేరుకుళ్ళు అని మరో తెగులుంది. రైజోక్టోనియా బటాటికోలా తెస్తుంది, దీన్నే మాక్రోఫోమినా అంటారు. 2012లో బంగ్లాదేశ్ శాస్త్రవేత్తలు వెలువరించిన దాని జన్యుపటంలో మొక్క గోడలనూ కలప గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్‌నూ విరగ్గొట్టే ఎంజైముల పెద్ద భాండాగారమే ఉంది. అది ఎప్పుడూ ఉంటుంది. కాని ఉగ్రత పెరిగేది ఉష్ణోగ్రత 30 నుంచి 35 డిగ్రీలకు చేరి, నేల పదును ఆరిపోయి, మొక్క పూత, కాయ మోస్తూ అలసి ఉన్నప్పుడు. ఇక్రిశాట్ పరీక్షల్లోనూ ఇదే కనిపించింది. ఎండు తెగులును తట్టుకునే రకం దీన్ని తట్టుకోవాలని లేదు. గండికోట జలాశయం నిండి తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు నీళ్ళలో కలిసినా, గట్టున మిగిలిన రేగడి పప్పుశనగ ఇంకా నేల పదును మీదే బతుకుతోంది. కాయ వేళ ఒక్క తడి ఇవ్వగల చోట ఇవ్వడం, వేళకు విత్తి వేడి ముదరకముందే కోతకు రావడం, శిలీంధ్రం చేతిలోని ఎంజైములకు అనుకూలమైన వేళను తప్పించడమే. ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం కూడా ఇదే కోవ. అది కైటినేజు, గ్లూకనేజు వదిలి తెగులు శిలీంధ్రాల గోడలనే కోస్తుంది. రెండు కిలోల ట్రైకోడెర్మా విరిడిని 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో వృద్ధిచేసి ఎకరాకు చల్లమన్న సిఫారసు, ఎంజైమును ఎంజైముతో ఎదుర్కొనే పద్ధతే.

ఈ సభలో ఉన్న రైతులకు, కాలేజీ విద్యార్థులకు నా మనవి ఒక్కటి. చేలో వాడిన శనగ మొక్కను పీకి గట్టు మీద పారేయకండి. మొదలు చీల్చి చూడండి. నడుమ గోధుమరంగు గీత ఉంటే ఎండు తెగులు. పిల్లవేళ్ళు ఊడి, తల్లివేరు పెళుసుగా విరిగి, బెరడు కింద నల్లటి పొడిలాంటి చుక్కలుంటే ఎండు వేరుకుళ్ళు. రెండింటికీ వైద్యం వేరు. ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితంలో చుట్టి, చేను పేరు, విత్తిన తేదీ రాసి ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రానికో, నంద్యాల పరిశోధన స్థానానికో చేర్చండి. ఎండు తెగులు వచ్చిన చేలోంచి విత్తనం దాచుకోకండి, అది గింజతోనూ పోతుంది. పోయిన ఏడు తెగులు పడింది గదా, ఈ ఏడు జొన్న వేసి మళ్ళీ శనగ వేద్దామనుకుంటే ఒక ఏడు చాలదు. శనగ లేకపోయినా ఆ శిలీంధ్రం మందపు గోడల బీజాలుగా ఆరేళ్ళ పాటు ఆ మట్టిలోనే ప్రాణంతో ఉంటుంది.